నల్లతెర మీద మామిడికాయ

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాపా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు మీది కాయలను తీసే కెమెరా ఫోటోల సర్వరు నీకు అప్పజెప్పారని అక్క చెప్పింది. తోతాపురి కాయ దిగిందంటే గేటు బయట లారీలు బారులు తీరతాయి, లోపల ఫోటోలూ అట్లే వచ్చి పడతాయి. ఆ మిషనుకు మానిటరు లేదంట కదా, దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగినై, అక్షరాల ఆజ్ఞలతోనే చూసుకోవాల్సిందే.

ముందు నేను చేసిన తప్పు విను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో డిస్కు నిండిపోయిందని ఒక ఫోల్డరు చెరిపేశాను. ఫైళ్ళ పేర్లలో ‘టెస్ట్’ అని ఉండేసరికి పనికిరానివే అనుకున్నా. అవి 3 రోజుల అసలు ఫోటోలు. ఇంకో కాపీ లేదు. ఒక్కటి తెరిచి చూసుంటే సరిపోయేది. చూడకుండా ఏ ఫోటోనూ చెరపొద్దు తల్లీ.

చూడడానికి ఫోటోను ఇంటిదాకా దించుకోనక్కర్లేదు. సర్వరులో చాఫా అనే టూలు వేసుకో. ఉబుంటు, డెబియన్ అనే లినక్సులలో సాఫ్ట్‌వేరు దించే ఆప్ట్ ఆజ్ఞతోనే వస్తుంది. చాఫా అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇస్తే బొమ్మ టెర్మినల్లోనే, అంటే నువ్వు ఆజ్ఞలు కొట్టే అక్షరాల కిటికీలోనే, పడుతుంది. పొరపాటున అక్షరాల ఫైళ్ళు చూపించే క్యాట్ ఆజ్ఞతో ఫోటో తెరిస్తే మాత్రం తెరంతా పిచ్చి అక్షరాలతో చెడిపోతుంది. కంగారు పడకుండా రీసెట్ అని కొట్టు.

ఆ బొమ్మ ఎట్లా వస్తుందో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. టెర్మినల్లో అక్షరం పట్టే గడి వెడల్పు కంటే ఎత్తు దాదాపు రెండింతలు ఉంటుంది. గడిలో పైసగాన్ని మాత్రమే నింపే గుర్తు ఒకటుంది. ఆ గుర్తుకు ఒక రంగు, దాని వెనక ఇంకో రంగు వేస్తే ఒక్క గడిలో రెండు చుక్కలు కూర్చున్నట్టే. ఈ లెక్కన 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసలు ఉన్న కిటికీలో 4:3 కొలతల 12 మెగాపిక్సెళ్ళ ఫోటో 64 బై 48 చుక్కలకు కుదించుకుపోతుంది. అంటే దాదాపు 3,900 పిక్సెళ్ళు కలిసి ఒక్క చుక్క! చాఫా ఇంకా సన్నని గుర్తులూ వాడుకుని అంచులు తేరుస్తుంది గానీ, కాయ మీది చిన్న నల్లమచ్చ అందులో కలిసిపోతుంది. కెమెరా పక్కకు తిరిగిందా, లైటు ఆరిపోయిందా, బెల్టు ఖాళీగా పోతోందా, ఇవి అక్కడే చూసి చెప్పెయ్. మచ్చ తెగులు ఉందా లేదా అన్నది మాత్రం ఆ బొమ్మ చూసి చెప్పొద్దు. ఆ ఒక్క ఫోటోను, ఫైళ్ళు కాపీ చేసే ఎస్‌సీపీ ఆజ్ఞతో నీ మిషనుకు దించుకుని పెద్దది చేసి చూడు.

రంగు సంగతీ అంతే. 256 రంగుల టెర్మినల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 6 మెట్లే. దోరకాయ, పండు ఒకే పసుపులో పడిపోవచ్చు. కలర్‌టర్మ్ అనే వేరియబుల్‌లో ట్రూకలర్ అని, అంటే రంగులన్నీ చూపగలదని, ఉందేమో చూసుకో.

అక్షరాలు చిన్నవి చేసి కిటికీని తెర నిండా పరిస్తే గడులు పెరిగి బొమ్మ తేటపడుతుంది. అంతకంటే మంచిది సిక్సెల్. 1980లలో డిజిటల్ అనే కంప్యూటర్ల కంపెనీ ప్రింటర్లు, టెర్మినళ్ళ కోసం పుట్టిన పద్ధతి అది; ఒక్కో అక్షరం నిలువుగా 6 చుక్కలను మోస్తుంది కాబట్టి అసలు పిక్సెళ్ళే కనిపిస్తాయి. ఫుట్, వెజ్‌టర్మ్ అనే టెర్మినళ్ళలో పనిచేస్తుంది. కిట్టీ అనే టెర్మినల్‌కు సొంత పద్ధతి ఉంది. ఒకే టెర్మినల్లో చాలా కిటికీలు నడిపే టీమక్స్ లోపల ఉంటే ఇవి మధ్యలోనే ఆగిపోతుంటాయి, అప్పుడు చాఫాకు ఫార్మాట్‌ను సింబల్స్ అని ఇచ్చి గడుల బొమ్మతోనే సర్దుకో.

ఫోల్డరు మొత్తం తిరగెయ్యాలంటే టిమ్‌గ్ అనే ఇంకో టూలు మేలు. గ్రిడ్, టైటిల్ అని అడిగితే పేర్లతో సహా వరసగా పరుస్తుంది. ఆ కొత్తల్లో నా దగ్గర ఇది ఉండుంటే ఆ ఫోల్డరు మిగిలేది.

ఈ శనివారం తిరుపతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. నీ టెర్మినల్లో సిక్సెల్ వస్తుందో లేదో కూర్చుని చూద్దాం. అత్త నీకు ఉలవచారు పెడతానంటోంది.

మీ మామయ్య