రాత్రికి రాత్రే ట్యాబ్ ఛార్జ్ దిగిపోతుంటే

కావలి నుంచి అడిగిన తమ్ముడూ, రాత్రి 90 శాతం ఉన్న ఐదేళ్ల ట్యాబ్ పొద్దున్నే 50కి పడిపోతోందన్నావు కదా. బ్యాటరీ కొనేముందు ఒక రాత్రి, మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో పెట్టి, ఏరోప్లేన్ మోడ్ కూడా వేసి చూడు. పవర్ బటన్ నొక్కి, వచ్చే 'పవర్ ఆఫ్' మీద వేలు అలాగే ఉంచితే చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల్లో సేఫ్ మోడ్ అడుగుతుంది. నాలుగైదు శాతమే తగ్గితే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. సిగ్నల్ అందక సిమ్ టవర్ కోసం వెతుక్కోవడమో, ఏదో యాప్ వెనకాల నడవడమో తినేస్తోంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరువు, దొంగ దొరుకుతాడు.

అప్పుడూ అంతే పడుతూ, 30 శాతం దగ్గరే ఠక్కున ఆగిపోతుంటే బ్యాటరీ పని అయిపోయినట్టే. లోపలి రెసిస్టెన్స్ పెరిగి, వీడియో పెట్టగానే వోల్టేజీ కూలిపోతుంది. కొత్తది పాత బ్యాటరీ మీదున్న నంబర్ సరిచూసి తీసుకో. ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎక్కువ రాశారని మోసపోవద్దు. స్క్రీన్ అంచు లేచిందంటే మాత్రం బ్యాటరీ ఉబ్బింది, ఛార్జింగ్ ఆపెయ్, నొక్కొద్దు.