మీ ప్రశ్న – మా సమాధానం: విసుగు పాఠం మీదా, చాకిరీ మీదా?

ప్రశ్న: ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదేళ్లుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతున్నాను. జీతం నెలకు 13,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఉదయం ఎనిమిదికి వెళితే, స్టడీ అవర్ ముగించి బయటపడేసరికి సాయంత్రం అయిదున్నర అవుతుంది. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలి. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న వృత్తి మీద ఇప్పుడింత విరక్తి రావడం నా లోపమేనా? మానేస్తే చేతికి ఏమైనా వస్తుందా?
— ఒక ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో పిల్లల గురించి గానీ, పాఠం గురించి గానీ ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అందుకే లోపం మీలో ఉందని నేను అనుకోవడం లేదు.

నేనూ చాలా ఏళ్లు పాఠాలు చెప్పినదాన్నే. క్లాసు లేని లీజర్ పీరియడ్‌లో నలభై నోటుబుక్కుల కట్ట ముందు పెట్టుకొని ఎర్ర పెన్ను మూత తీసేలోగా ఆయా వచ్చి, రాని టీచరు బదులు క్లాసుకు వెళ్లమనే సబ్‌స్టిట్యూషన్ చీటీ చేతిలో పెట్టేది. ఆ కట్టను ఇంటికి మోసుకెళ్లి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా దిద్దేదాన్ని. భిన్నాల కూడికలో హారాలను కూడా కలిపేసిన పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో ఆ పేజీయే చెబుతుంది గానీ, నిద్ర ముంచుకొస్తున్న కళ్లతో ఇంటు పెట్టి పేజీ తిప్పేస్తాము. అలా తిప్పేసిన పేజీలే తర్వాత మనసును తొలుస్తాయి.

మీ లెక్కన వారానికి ఆరు రోజులు, 57 గంటలు బడిలోనే గడుస్తున్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఉపాధ్యాయుల కనీస పనివేళలను వారానికి 45 గంటలుగా పేర్కొంటూ, పాఠం సిద్ధం చేసుకునే సమయాన్నీ అందులోనే కలిపింది. అది గరిష్ఠ పరిమితి కాదు గనుక దాన్ని చూపి నిలదీయలేము. అయినా తయారీ కూడా పనేనని చట్టమే ఒప్పుకున్నదని చెప్పి, రోజుకు ఒక్క లీజర్ పీరియడ్‌నైనా ముట్టుకోవద్దని మీ తోటి ఉపాధ్యాయులంతా కలిసి ప్రధానోపాధ్యాయులను అడగవచ్చు. ఒంటరిగా మాత్రం అడగవద్దు.

ఇక మానేయాలనే నిర్ణయించుకుంటే, మీకు గ్రాట్యుటీ హక్కు ఉంది; అంటే పని మానేటప్పుడు, చేసిన సర్వీసుకు యాజమాన్యం ఒకేసారి ఇవ్వాల్సిన మొత్తం. గ్రాట్యుటీ చట్టానికి 2009లో చేసిన సవరణ ఉపాధ్యాయులకు ఈ హక్కును 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తింపజేసింది. దాన్ని ప్రైవేటు పాఠశాలలు సవాలు చేయగా 2022లో సుప్రీంకోర్టు సవరణనే సమర్థించింది. అయిదేళ్ల సర్వీసు నిండినవారికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకు 26 రోజులుగా లెక్కకడతారు. మీ జీతమంతా మూలవేతనం, కరువు భత్యాల కిందికి వస్తే ఏడాదికి 7,500, తొమ్మిదేళ్లకు 67,500 రూపాయలు అవుతాయి. ఇవ్వకపోతే కార్మిక శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు.

వేసవిలో జీతం ఇవ్వలేదు గనుక సర్వీసు తెగిపోయిందని యాజమాన్యం వాదించవచ్చు. ఎండల్లో మీరు తిరిగిన ఆ అడ్మిషన్ల పనే అప్పుడు మీకు సాక్ష్యం. ఏ వీధులకు వెళ్లమని ఫోనులో సందేశాలు పంపారో వాటిని చెరిపేయకండి. నియామకపత్రం, టైంటేబుళ్లు, బ్యాంకు పాసుపుస్తకం ఒకచోట పెట్టుకోండి. రాజీనామా రాయడానికి ముందే సర్టిఫికెట్లను లిఖితపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు మీద ఆఫీసువారి సంతకం, తేదీ వేయించుకోండి.