టీ కేడీ కొనబోయి కేడీ చేతిలో పడ్డాను

"పాతకాలపు ఇంగ్లిష్ చెక్క టీ కేడీ ఒకటి కొనాలనుంది, ఏ రకం అలంకారం ఉన్నది మంచిది?" అని అడిగారు. టీ కేడీ అంటే టీ పొడి దాచుకునే పెట్టె. ఈ సరదాకి నూట ఎనభై పౌండ్లు తగలేసినవాణ్ణి కాబట్టి నేను చెప్పొచ్చు.

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. ఇక్కడ ఆదివారాలు పాత సామాన్ల సంతలు జరుగుతాయి, మొదటిసారి టీ కేడీ చూసింది అక్కడే. చిన్న చెక్కపెట్టె, దానికో తాళం. వీడియో కాల్‌లో అమ్మకి చూపించి "ఇది కేడీ అమ్మా" అంటే, "కేడీ ఏంట్రా, అయినా టీ పొడికి తాళమేంటి, బంగారమా?" అంది. దాదాపు బంగారమే. 1784 వరకు ఇంగ్లండ్‌లో టీ మీద పన్ను 119 శాతం ఉండేది, ఆ ఏడాది 12.5 శాతానికి దించారు. మా మామ్మ కొట్టుగది తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగినట్టే అక్కడి ఇంటావిడలు టీ పెట్టె తాళంచెవి పనివాళ్లకి ఇచ్చేవారు కాదు. కేడీ అన్న మాటకీ మన రౌడీలకీ సంబంధం లేదు, అది మలయా భాషలో కటి అనే తూకం నుంచి వచ్చింది, అంటే సుమారు ఆరువందల గ్రాములు.

నాకు తగిలింది మాత్రం మన అర్థంలో కేడీయే. సంతలో ఒకడి బల్ల మీద బేరిపండు ఆకారంలో ఉన్న కేడీ కనిపించింది. పండు కేడీలంటే పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పండ్ల చెట్ల కర్రని లేత్ మీద తిప్పి చేసినవి, ఆపిల్, బేరి, పుచ్చకాయ ఆకారాల్లో ఉంటాయి, అసలైనవి వేలల్లో పలుకుతాయి. వాడు మూడొందలన్నాడు, నూట ఎనభైకి దిగాడు. అంత సులువుగా దిగినప్పుడే అనుమానం రావాలి, రాలేదు, ఎందుకంటే నేనేదో గొప్పగా బేరమాడాననుకున్నాను.

మా ఆఫీసులో ఒకతని నాన్న పాత ఫర్నిచర్ రిపేరు చేసి రిటైరైన ముసలాయన. చూపిద్దామని తీసుకెళ్తే, ఆయన ముందు మూత కూడా తియ్యలేదు. వెర్నియర్ కాలిపర్ తెచ్చి పండు పొట్ట దగ్గర కొలిచాడు, పావు వంతు తిప్పి మళ్లీ కొలిచాడు. రెండుసార్లూ ఒకటే కొలత. "రెండొందల ఏళ్ల కర్ర ఇంత బుద్ధిగా గుండ్రంగా ఉండదు" అని నవ్వాడు. కర్ర ఎండేకొద్దీ అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు, వలయాల వెంబడి ఎక్కువ, అడ్డంగా తక్కువ, అందుకే పాత పండు కేడీ కొద్దిగానైనా కోలగా తయారవుతుంది. వడ్రంగి మనవణ్ణి, పచ్చికర్రతో చేసిన బొంగరం ఎండాక ఎలా తయారవుతుందో చిన్నప్పుడే చూసినవాణ్ణి, నాకు ఆ బుర్ర లేకపోయింది! మూత తీస్తే లోపల ఉండాల్సిన తగరం, సీసం కలిసిన సన్నటి రేకు జాడే లేదు, కొత్త ఇత్తడి మడతబందు, పాతదనం కోసం డికాషన్ పూసినట్టు మరక.

సరే, అలంకారాల సంగతి. అందరూ పడిచచ్చేది కోలగా ఉన్న గడిలో శంఖం బొమ్మ పొదిగినవి. అవి చాలావరకు వేరే పనివాళ్లు ముందే చేసి అమ్మిన బిళ్లలు, పెట్టె చేసేవాడు కొని అతికించేవాడు, కాబట్టి శంఖం ఉందని ధర పెంచేవాణ్ణి నమ్మకండి. కానీ ఆ శంఖంలో నీడ ఎలా వచ్చిందో చూడండి, అది రంగు కాదు. పల్చటి కర్ర ముక్క అంచుని వేడి ఇసుకలో దించి, మాడీమాడనట్టు గోధుమ రంగు తిరగగానే తీసేస్తారు. మన మరమరాలు వేయించే ఇసుకలాంటిదే అనుకోండి, ఒక్క క్షణం ఎక్కువుంటే బొగ్గు.

టన్‌బ్రిడ్జ్ అనే ఇక్కడి ఊరి పేరుతో పిలిచే పని ఇంకో లెక్క. రకరకాల కర్రల సన్నటి పుల్లల్ని కట్టగా అతికించి అడ్డంగా పొరలు కోస్తే, కోసిన ప్రతి పొరలోనూ అదే పువ్వు వస్తుంది. ఆకుపచ్చ కూడా రంగు వేసింది కాదు, ఒక రకం బూజు పట్టి పచ్చబడిన ఓక్ కర్ర. నా ఓటు దీనికే. కాగితం చుట్టలు అతికించిన కేడీలు కూడా ఉంటాయి, ఇప్పుడు మన పిల్లలు స్కూల్ ప్రాజెక్టుకి చేసే క్విల్లింగ్ అదే, ధర చూస్తే మాత్రం టెన్షన్ వస్తుంది.

ఇంగ్లిష్ కేడీయే ఎందుకు అని నేను మిమ్మల్ని అడుగుతాను. 2019లో ఒక వేలానికి ముందు సరుకు చూపించే రోజు వెళ్లాను. గంధపు చెక్క మీద దంతం రేకులు తాపిన కేడీ ఒకటి ఉంది, మూత తియ్యగానే ఇంకా సన్నగా గంధం వాసన. దంతం మీద గీసిన గీతల్లో నలుపు, వేలితో తడిమితే గీత తగలదు, ఎందుకంటే కరిగించిన నల్ల లక్క గీతల్లో నింపి, మిగిలింది గీకేసి మెరుగు పెడతారు. అంచుల్లో మన అద్దకం బట్టల్లాంటి తీగ, మధ్యలో ఎవరో దొర ఇల్లు. కేటలాగులో "ఆంగ్లో ఇండియన్" అని మాత్రమే ఉంది. ఆంగ్లో ఇండియన్ ఏమిటండీ, అది విశాఖపట్నం పని! ఈస్టిండియా కంపెనీ రోజుల్లో తెల్లవాళ్ల ఆర్డర్ల మీద మన పనివాళ్లు చేసినవి, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా ఆ ఊరి పని ఉంది. లక్కతో ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్ల పక్కన పెరిగిన నాకు ఈ సంగతి కెంట్ వచ్చాక తెలిసింది. మన స్కూల్లో ఏం నేర్పారో మరి, ట్యూడర్ రాజుల పేర్లు మాత్రం వచ్చు.

ఆ పెట్టె ధర నా అంచనా దాటి ఎక్కడికో పోయింది. ఇప్పుడైతే డబ్బున్నా కొనడం కష్టం, బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి దంతం ఉన్న వస్తువుల అమ్మకం కొన్ని మినహాయింపులు తప్ప నిషేధం, ఇండియాలో అయితే అసలే కుదరదు. ఏనుగుల కోసం కాబట్టి నాకేం ఫిర్యాదు లేదు. చూడటానికైతే నిషేధం లేదుగా, మ్యూజియం సైట్లలో పాత స్పెల్లింగుతో "వైజాగపటం" (Vizagapatam) అని వెతకండి. విశాఖపట్నం అని కొడితే స్టీల్ ప్లాంటూ బీచ్ రోడ్డూ వస్తాయి.