యేసు పుట్టింది పర్ణశాలల పండుగకేనా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పర్ణశాలల పండుగంటే సెప్టెంబరు–అక్టోబరులో యూదులు ఆకుల పాకల్లో గడిపే పండుగ. చలి మొదలయ్యేసరికి ఏటా ఇదే ప్రశ్న నాలుగు రకాలుగా వస్తుంది. ఈసారి కోనసీమ నుంచీ, గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఒకేచోట జవాబిస్తున్నాం.

బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా దేవాలయంలో ధూపం వేసిన వారం నుంచి లెక్క కడితే యేసుప్రభువు పుట్టిన రోజు సరిగ్గా పర్ణశాలల పండుగ మొదటిరోజుకు వస్తుందని కూటాల్లో ప్రసంగీకులు బోర్డు మీద వేసి చూపించారండి. సండే స్కూలు పిల్లలకు చెప్పొచ్చా? – ఒక టీచరు, పాలకొల్లు

ముందు ఆ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. యాజకులు 24 తరగతులు. చీట్లు వేస్తే మొదటిది యెహోయారీబుకు, ఎనిమిదోది అబీయాకు వచ్చాయి (1 దినవృత్తాంతములు 24). జెకర్యాది అబీయా తరగతి అని లూకా చెప్పాడు. ఒక్కో తరగతికి సబ్బాతు నుంచి సబ్బాతు దాకా ఒక వారం వంతు, అలా ఏడాదికి రెండు వంతులు. పస్కా, పెంతెకొస్తు, పర్ణశాలలు వచ్చిన వారాల్లో మాత్రం అన్ని తరగతులవాళ్లూ పనిలో ఉంటారు.

ఇప్పుడు యూదుల మొదటి నెల నీసాను 1న మొదటి తరగతి వంతు మొదలైందనుకోండి. మూడో వారం పస్కా కాబట్టి అందరిదీ. నాలుగో వారం మూడో తరగతిది. అలా పోతే తొమ్మిదో వారం అబీయాది. పదో వారం పెంతెకొస్తు గనక జెకర్యా ఇంకో వారం ఆగి, మూడో నెల సీవాను 11, 12 తేదీలకు ఇంటిదారి పట్టాడు. మన లెక్కలో మే నెలాఖరో, జూను మొదటి రోజులో. వెంటనే అతని భార్య ఎలీసబెతు గర్భవతి అయింది. ఆరో నెలలో దూత మరియ దగ్గరికి వచ్చాడు. అది తొమ్మిదో నెల కిస్లేవు ఆఖరు, హనుక్కా అనే యూదుల దీపాల పండుగ రోజులు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు వేస్తే ఏడో నెల తిష్రీ 15, పర్ణశాలల మొదటిరోజు.

బోర్డు మీద చూడ్డానికి బాగానే ఉంటుంది. చివరి మెట్టు నుంచి వెనక్కి రండి, ఎక్కడెక్కడ జారుతుందో తెలుస్తుంది. కిస్లేవు 25 నుంచి తిష్రీ 15 దాకా వేళ్లమీద లెక్కపెడితే 285 రోజులు. గర్భం నిలిచిన రోజు నుంచి కాన్పుకు సగటున 266 రోజులు పడుతుంది. ఆసుపత్రి కార్డు మీద తేదీ వేసే 280 రోజుల లెక్క ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి. 266 వేస్తే ఆరో నెల ఎలూలు 25 వస్తుంది, అంటే పండుగకు 19 రోజుల ముందే. కాన్పు పదేసి రోజులు అటూ ఇటూ కావడం మామూలే కదా అంటారు. నిజమే. అలా ఒప్పుకున్నాక ‘సరిగ్గా పండుగ రోజే’ అన్న మాట మాత్రం నిలవదు.

రెండోది, జెకర్యా వంతు ఏడాదికి రెండుసార్లు. లూకా చెప్పింది మొదటి వంతు సంగతా, రెండో వంతు సంగతా? వచనంలో లేదు. ఇదే పద్ధతిలో రెండోసారి అబీయా వంతు 35వ వారానికి, కిస్లేవు మొదట్లో పడుతుంది. దాన్నుంచి లెక్కిస్తే యేసు పుట్టుక ఫిబ్రవరి–మార్చికి పోతుంది.

అసలు చిక్కు మూడోది. ప్రతి నీసానుకూ వంతు మళ్లీ ఒకటో తరగతి నుంచి మొదలవుతుందని ఈ లెక్క ముందే అనుకుంటుంది. రెండు విడతల 48 వారాలకు పండుగల 3 కలిపితే 51 వారాలు, 357 రోజులు. యూదుల మామూలు ఏడాది 354 రోజులే. మనలాగే వాళ్లకూ అధికమాసం ఉంది, అది వచ్చిన ఏడు దాదాపు 384. ఆ మిగులు వారాల్లో ఎవరు చేయాలో బైబిలు చెప్పలేదు. మృత సముద్రం గుహల్లో దొరికిన చుట్టల్లో తరగతుల పట్టీలున్నాయి. వాటిలో ఏడాది 364 రోజులు, వంతులు ఎక్కడా ఆగకుండా తిరుగుతాయి. ఆరేళ్లకు 312 వారాలు, అంటే 24 తరగతులు 13 చుట్లు తిరిగాకే మళ్లీ మొదటి స్థానానికి వస్తాయి. ఆ లెక్కన అబీయా వారం ఏటేటా వేరే నెలలో పడుతుంది. ఆ చుట్టలు రాసినవాళ్ల పద్ధతి వేరు, దేవాలయంలో నడిచింది వేరు అనొచ్చు. అయితే యూదు రబ్బీల బోధల గ్రంథం తల్మూదు సంగతి చూడండి. క్రీ.శ. 70లో ఆబు నెల 9న దేవాలయం కూలినప్పుడు యెహోయారీబు తరగతి వంతు నడుస్తోందట. బోర్డు మీది పద్ధతిలో ఆబు 9 పడేది 19వ వారంలో, అది 17వ తరగతి వంతు. రెండూ ఒకేసారి నిజం కావు.

ఇవన్నీ దాటినా, ‘ఆ దినములైన పిమ్మట’ ఎలీసబెతు గర్భవతి అయిందని లూకా అన్నాడే గాని, ఎన్ని దినాలో చెప్పలేదు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. అంతియొకయలో క్రీ.శ. 386లో ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తము ఇదే జెకర్యాను పట్టుకుని డిసెంబరు 25ను రుజువు చేశాడు. జెకర్యా ధూపం వేసింది తిష్రీ నెల ప్రాయశ్చిత్త దినాన అనుకుని, అక్కడి నుంచి ఆరు నెలలు, ఆపైన తొమ్మిది నెలలు కట్టాడు. ఆ దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేది ప్రధాన యాజకుడు. జెకర్యా మామూలు యాజకుడు, ధూపం వంతు కూడా చీటిలో వచ్చిందే. కాబట్టి ఆ రుజువూ నిలవదు. ఒకే తాడును ఒకరు అక్టోబరుకు కట్టారు, ఒకరు డిసెంబరుకు.

పిల్లలకు తరగతుల సంగతి తప్పకుండా చెప్పండి. 24 గళ్ల చక్రం గీసి తిప్పిస్తే బాగా పట్టుకుంటారు. బోర్డు చివర వేసిన తేదీని మాత్రం చెరిపేయండి.

యోహాను 1:14లో ‘నివసించెను’ అన్నచోట గ్రీకులో ‘గుడారం వేసెను’ అని ఉందట. అది పర్ణశాలల పండుగకు గుర్తు కాదా? – రాజోలు

గ్రీకు మాట గురించి మీరు విన్నది నిజమే. అది గుడారం అనే మాటలోంచే పుట్టింది, గ్రీకులో ఈ పండుగ పేరులోనూ ఆ మూలమే ఉంది. అయితే అదే వచనంలో ‘మహిమ’ కూడా ఉంది. గుడారం, మహిమ కలిసి వచ్చాయంటే యూదు పాఠకుడికి ముందు తట్టేది నిర్గమకాండంలోని ప్రత్యక్ష గుడారం. ప్రకటన 7:15లో, 21:3లో ఇదే క్రియ ఉంది, అక్కడ పుట్టినరోజు ప్రసక్తే లేదు.

యోహాను ఏడో అధ్యాయం ఒకసారి తీయండి. అది పర్ణశాలల పండుగ అధ్యాయమే. యేసు పండుగ మధ్యలో దేవాలయానికి వెళ్లి బోధించాడు. క్రీస్తు బేత్లెహేము నుంచి రావాలి కదా అని జనం అక్కడే వాదులాడుకున్నారు (7:42). ఆయన పుట్టింది ఆ పండుగకే అయితే ఆ మాట అనడానికి యోహానుకు అంతకన్నా మంచి చోటు దొరకదు. అనలేదు. మా మటుకు మాకు ఈ మౌనం వంతుల లెక్కలన్నిటికన్నా బరువైంది.

డిసెంబరు చలిలో గొర్రెల కాపరులు రాత్రిపూట పొలంలో ఎలా ఉంటారు? – భీమవరం

కోతలైన చేలో మంద కట్టించుకోవడం మనకు తెలిసిందే. బేత్లెహేములోనూ యవలు, గోధుమ కోతలు ఏప్రిల్ నుంచి జూను దాకా అవుతాయి. ఆ తర్వాత మందలు మోళ్లలో దిగుతాయి. అందుకే ఈ వచనం ఎండకాలానికో, శరత్తుకో కొంచెం మొగ్గుతుందన్నది ఒప్పుకోవాలి. కానీ ఆ ఊరు కొండ మీద, 750 మీటర్లకు పైన ఉన్నా, తూర్పున కాస్త దిగితే యూదయ అరణ్యం, అక్కడ చలి తక్కువ. పైగా అక్కడ గడ్డి మొలిచేదే చలికాలపు వానలకు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల ధర్మ నియమాల గ్రంథం మిష్నాకు వచ్చిన వివరణల్లో, పస్కాకు బయటికి వెళ్లి తొలి వానకు తిరిగొచ్చే మందల మాటా ఉంది, ఎండాకాలం చలికాలం ఊళ్లోకే రాని మందల మాటా ఉంది. మొదటిదాన్ని మాత్రం చదివి వినిపించేవారు రెండోదాన్ని వదిలేస్తున్నారు.

‘సత్రములో స్థలము లేదు’ అంటే పండుగ జనం వల్లే కదా? ఆ పశువుల పాకే పర్ణశాల అంటున్నారు. – అమలాపురం

లూకా ఇక్కడ వాడిన గ్రీకు మాటనే 22:11లోనూ వాడాడు, అక్కడ మన బైబిలు ‘విడిది గది’ అంది. మంచి సమరయుని కథలో పూటకూళ్ల ఇంటికి అతను వాడింది వేరే మాట. కాబట్టి ఇక్కడా విడిది అనుకోవడం మేలు. పెళ్లివారితో విడిది నిండిపోతే ఎక్కడో ఒకచోట చాప పరుస్తాం చూడండి, అలాంటిది. జనాభా లెక్క కోసం వచ్చిన బంధువులతోనే అది నిండిపోవచ్చు, పండుగే అక్కర్లేదు.

పాక మాట ఆదికాండం 33:17 నుంచి వచ్చింది. యాకోబు పశువులకు వేయించిన పాకల వల్ల ఆ చోటికి సుక్కోతు అని పేరు పడింది, పండుగకు హెబ్రీ పేరూ అదే. పోలిక అందంగానే ఉంది గాని, లూకా చెప్పింది తొట్టి. పాక అనే మాటే అతను రాయలేదు.

హనుక్కా కూడా 25వ తేదీనే కదా? – తణుకు

అది కిస్లేవు 25న, డిసెంబరు 25న కాదు. మన దీపావళి ఇంగ్లీషు తేదీ ఏటా మారినట్టే అదీ మారుతుంది. 2024లో హనుక్కా డిసెంబరు 25 సాయంత్రమే మొదలైంది, 2025లో డిసెంబరు 14కే వచ్చేసింది.

క్రీ.పూ. 3 సెప్టెంబరు 11న శృంగధ్వని పండుగనాడు (తిష్రీ 1) పుట్టాడని నక్షత్రాల లెక్కతో వీడియోల్లో చూపిస్తున్నారు. – రావులపాలెం

ప్రకటన 12లోని స్త్రీని కన్యారాశిగా తీసుకుని వేసిన లెక్క అది. హేరోదు బతికుండగా యేసు పుట్టాడని మత్తయి అంటాడు. హేరోదు చనిపోయే ముందు చంద్రగ్రహణం పట్టిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. దాన్ని క్రీ.పూ. 4 మార్చి 13 నాటి గ్రహణంగా ఎక్కువమంది చరిత్రకారులు తీసుకుంటారు. ఆ లెక్కన క్రీ.పూ. 3 నాటికి హేరోదు లేడు. హేరోదు మరణాన్ని క్రీ.పూ. 1కి జరిపితే తప్ప ఈ వీడియో నడవదు.

మరి డిసెంబరు 25 సూర్యదేవుడి పండుగ నుంచి తెచ్చుకున్నదేనా? – నరసాపురం

రోము చక్రవర్తి ఔరేలియన్ 274లో అజేయ సూర్యుడికి గుడి కట్టించాడు. క్రీ.శ. 354 నాటి రోము పంచాంగం ఒకదానిలో డిసెంబరు 25 కింద ఆ సూర్యుడి పుట్టినరోజూ ఉంది, అదే సంకలనంలోని ఇంకో పట్టీలో క్రీస్తు బేత్లెహేములో పుట్టిన రోజూ అదే తేదీకి ఉంది. ఆ రెండో పట్టీ 336 నాటిదని పండితుల అంచనా. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో ఆ కాగితాలు చెప్పవు.

ఇంకో దారి కూడా ఉంది. యేసు సిలువ మరణం మార్చి 25న అని పడమటి సంఘాల్లో పాత లెక్క. గర్భంలో పడ్డదీ అదే రోజన్నారు. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. తూర్పున ఏప్రిల్ 6 నుంచి కడితే జనవరి 6, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ ఆ రోజునే చేస్తుంది. రెండు తేదీలూ ఒకే సూత్రానికి లొంగుతున్నాయి కాబట్టి మేము ఈ దారివైపే మొగ్గుతాం. అంతకు ముందు, 200 ప్రాంతాల్లో, సంఘ బోధకుడు అలెగ్జాండ్రియా క్లెమెంతు మే 20 అనేవాళ్లనూ, ఏప్రిల్ 19 లేదా 20 అనేవాళ్లనూ పేర్కొన్నాడు. పర్ణశాలల పండుగ అన్నవాళ్లెవరూ ఆయన పట్టీలో లేరు.

పండుగ ఎలా ఉంటుందో చూపించడానికి చర్చి ఆవరణలో పర్ణశాల వేద్దామనుకుంటున్నాం. కొలతలు, సామాను చెప్పగలరా? – యువజన సంఘం, మండపేట

మిష్నా, దాని వివరణలు చెప్పే హద్దులివి. ఎత్తు పది బెత్తెల కన్నా, అంటే సుమారు 80 సెంటీమీటర్ల కన్నా తగ్గకూడదు, ఇరవై మూరలు మించకూడదు. రెండు గోడలు పూర్తిగా, మూడోది కొంచెమైనా ఉండాలి. కప్పు భూమిలో మొలిచి కోసినదై ఉండాలి. లోపల ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనబడితే మంచిది.

మీకు 8 అడుగుల చదరం చాలు. పదడుగుల సరుగుడు కర్రలు నాలుగు, అడుగున్నర లోతు పాతండి. పైన నాలుగు వాసాలు, అడ్డంగా వెదురు బద్దలు ఆరు. కొబ్బరి మట్టలు పది తెచ్చి నడిమి ఈనె వెంట చీలిస్తే ఇరవై సగాలు, వాటిని బద్దల మీద అడ్డంగా పరవండి. అల్లొద్దు, అల్లితే చుక్కలు కనబడవు. పచ్చి ఆకు మూడు నాలుగు రోజుల్లో ఎండి ముడుచుకుని సందులు పెరుగుతాయి కాబట్టి మొదటిరోజు కాస్త దగ్గరగానే వేయండి. గోడలకు చాపలైనా, చీరలైనా పరవాలేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు చోటు దగ్గరే. నీడ ఉందని కొబ్బరిచెట్టు కిందో, శ్లాబు కిందో వేస్తారు. పైన ఇంకో కప్పు గాని, చెట్టు గాని ఉంటే అది పర్ణశాల కింద లెక్కకు రాదు. కాయ రాలుతుందన్న భయం ఎలాగూ ఉంది. రేకులు, టార్పాలిన్ కప్పుగా పనికిరావు. లేవీయకాండం 23:40లో చెప్పిన దబ్బపండు సంతలో దొరుకుతుంది, ఈతమట్ట గట్టు మీద ఉంటుంది, మిగతా రెండు కొమ్మలకు బొమ్మ చాలు.

2026లో పండుగ సెప్టెంబరు 25 సూర్యాస్తమయానికి మొదలవుతుంది. తిష్రీ 15 ఎప్పుడూ పున్నమి చుట్టూనే. ఈసారి మనకు భాద్రపద పౌర్ణమి, 2025లో ఆశ్వయుజ పౌర్ణమి అయింది. యూదయలో అది ఎండలు ముగిసే కాలం, మనకేమో వానలు వదలని రోజులు. కాబట్టి ఒక టార్పాలిన్ పక్కన ఉంచుకోండి, వాన వస్తే కప్పి, ఆగగానే తీసేయండి. లోపల కూర్చుని తింటూ ఉండగా చినుకులు మొదలైతే లేచిపోవాలా అని మీవాళ్లు అడుగుతారు. దానికీ మిష్నాలో కొలత ఉంది: గిన్నెలోని జావ పాడయ్యేంత వాన పడితే లేచి ఇంట్లోకి పోవచ్చు.