బెండు మీద చూపు, గట్టు మీద కాలు

చి. మేనల్లుడికి మావయ్య దీవెనలు.

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి ఓ పక్క నవ్వొస్తోంది, ఓ పక్క భయమేస్తోంది. చేపలు పట్టడానికి ఆన్‌లైన్‌లో మూడు వేలు పోసి రీలున్న కర్ర, గాలం దారానికి కట్టి నీటి మీద తేలించే రంగురంగుల బెండ్లు కొన్నావట. కార్తీకంలో నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని మన లంకలోకి వస్తావట. రండి. అన్నం మీ అత్త వండుతుంది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని దులిపేసుకుంటావని కూర్చుని రాస్తున్నాను. బస్సులోనైనా సరే, పూర్తిగా చదువు.

ముందు గాలం సంగతి. నీ కర్రలో తప్పేం లేదు గానీ, గౌతమి పాయలో గట్టువార చేపకి వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న గాలం, రెండు సీసం గుళ్ళు చాలు. నేను ఇప్పటికీ బెండుకి జీలుగు ముక్కో, నెమలి ఈక కాడో కడతాను. ఈక కాడ నీళ్ళలో నిటారుగా నిలబడి అంగుళం పైకి కనిపిస్తే సరిపోతుంది. నువ్వు ఫొటో పంపిన కోడిగుడ్డంత బెండుని చేప కిందికి లాగబోతే, ఆ బరువుకే అనుమానం వచ్చి ఎర వదిలేసి పోతుంది.

లోతు చూసుకోవడంతోనే సగం పని అయిపోతుంది. గాలం వేశాక బెండు నీటి మీద పడుకుందంటే సీసం నేలని తాకిందని అర్థం. అప్పుడు బెండుని గాలం వైపు కాస్త కాస్త జరుపుతూ పో. అది లేచి నిలబడ్డ చోటే నీ లోతు. మోసు అడుగున మేస్తుంది కాబట్టి దానికి ఎర నేలని రాసుకుంటూ ఉండాలి. శీలావతికి మధ్య నీళ్ళలో వేలాడాలి. బొచ్చె ఇంకా పైన తిరుగుతుంది. ఇక బెండు చెప్పే మాటలు నేర్చుకో. సన్నగా వణుకుతుంటే పరిగ పిల్లలు ఎర కొరుక్కుతింటున్నట్టు, కర్ర ఎత్తకు. టక్కున మునిగి లేచి మళ్ళీ మునిగితే జెల్ల. జెల్లని గాలం నుంచి తీసేటప్పుడు రెక్కల దగ్గరి ముళ్ళు చూసుకో, గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది. బెండు మునగాల్సింది పోయి పైకి లేచి అడ్డంగా పడిపోయిందనుకో, మోసు ఎరని నోట పట్టి పైకెత్తింది, సీసం బరువు తేలిపోయింది. అప్పుడు ఒక్క క్షణం ఆగి కర్ర లాగు. ఆ ఒక్క క్షణం కోసమే నేను నలభై ఏళ్ళుగా గట్టున కూర్చుంటున్నాను.

గాలానికి పులస పడుతుందా అని నీ స్నేహితుడెవరో అడిగాడన్నావు. అది వల చేప. అదీ వరదకి ఎర్రనీరు దిగే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది. కార్తీకంలో పులస అని అడిగితే రేవులో నవ్వుతారు.

సరే, నా భయం సంగతికి వస్తాను. బెండు చూస్తూ కూర్చున్నవాడికి ఒళ్ళు తెలియదు. గంట, రెండు గంటలు చూపంతా ఆ అంగుళం ముక్క మీదే. పక్కన ఏం పాకినా కనపడదు. చేప పడిందంటే ఇంక చెప్పక్కర్లేదు, కర్ర పట్టుకుని గట్టంతా పరిగెడతావు, ఏ తుంగలో కాలు పెడుతున్నావో చూసుకోవు. పాము భయం అనగానే పట్నం వాళ్ళు నీళ్ళ వంక చూస్తారు. నీళ్ళలో నువ్వు చూసేవి దాదాపు అన్నీ నీరుకట్టెలే. ఒంటి మీద చదరంగం గళ్ళలాంటి మచ్చలు, కంటి నుంచి కిందికి జారిన రెండు నల్ల చారలు ఉంటాయి. చేపలు వేసిన వల సంచిని గట్టువార నీళ్ళలో వేలాడదీస్తే వాసనకి అదే వస్తుంది. కరిస్తే రక్తం బాగా కారుతుంది గానీ విషం లేదు. అలాగని తల చూసి, చారలు చూసి నువ్వే తీర్పు చెప్పుకోకు. తాచు కూడా చక్కగా ఈదుతుంది. ఎప్పుడైనా పాము నీ గాలానికే తగులుకుంటే దారం తెంపెయ్, రెండు రూపాయల గాలం కోసం దాని నోట్లో వేళ్ళు పెట్టకు. ఎవరో పెట్టుకున్న మావుల్లో, అంటే చేపలు పట్టే బుట్టల్లో, చేపలున్నాయేమోనని చేయి దూర్చకు. చేపల కోసం లోపలికి దూరిన పాములు అందులోనే ఇరుక్కుని ఉంటాయి.

అసలు భయం గట్టు మీద. రేవు దిగే దారి, రెల్లు దుబ్బులు, కొబ్బరి డొక్కల రాశులు, ఎండిన మట్టల కుప్పలు, ఎరకి ఎర్రల (వానపాముల) కోసం తవ్వే పెంటకుప్ప. ఎలుక, కప్ప ఎక్కడుంటే పాము అక్కడుంటుంది. మన ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. చిన్న పింజర మెట్ట నేలల్లో, రాళ్ళలో ఎక్కువ, మన వైపు దాని బెడద తక్కువ. మనకి గట్టు మీద గండమల్లా రక్తపింజరే. దాన్నే పొడపాము అంటారు. తాచుకి అలికిడి తగిలితే చాలాసార్లు తప్పుకుపోతుంది. ఇది కదలదు. ఎండుటాకుల్లో ఎండుటాకులా పడి ఉంటుంది. వీపు మీద గొలుసులా మూడు వరసల గుండ్రటి మచ్చలు చూసి కొండచిలువ పిల్ల అని చేత్తో ఎత్తుకున్నవాళ్ళు ఉన్నారు. చలికాలం పగటిపూట ఎండ కాచుకోవడానికి దారుల్లోకి కూడా వస్తుంది. నువ్వు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నేను పంచె ఎప్పుడూ ఎగ్గట్టుకోనని మీ అమ్మ వేళాకోళం చేస్తుంది, గుర్తుందా? ఎందుకో నీకెవరూ చెప్పలేదు. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమని ఊడ్చేసింది. కొబ్బరి చెట్లు ఎక్కడివక్కడ కూలిపోయి నెలల తరబడి అలాగే పడున్నాయి. భోగికి వారం ముందు, మునిమాపు వేళ నాలుగు మోసులు సంచిలో వేసుకుని గట్టెక్కి వస్తున్నాను. లైటు లేదు. దారికి అడ్డంగా కొబ్బరి మాను. రోజూ దాటేదే కదా అని కాలెత్తి అవతలికి వేశాను. సైకిల్ ట్యూబు గాలి దిగుతున్నట్టు చప్పుడు. అదేమిటా అనుకునేలోపే చీలమండ పైన నిప్పు పెట్టినట్టయింది.

అక్కడి నుంచి మేం చేసినవన్నీ తప్పులే. నా స్నేహితుడు తువ్వాలు చింపి పిక్క మీద బిగించి కట్టాడు. ఇంకొకడు కర్ర పుచ్చుకుని పాము కోసం అరగంట వెతికాడు. తర్వాత నన్ను నడిపించుకుంటూ పసరు వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. ఊరి పేరెందుకులే. ఆయన ఆకు నూరి పెట్టి, వేపాకు తినిపించి, చేదు తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందన్నాను, ఇంక ఫరవాలేదన్నాడు. మూడు గంటలు గడిచేసరికి కాలు అరటి బోదెంత అయింది. ఉమ్మేస్తే చిగుళ్ళ నుంచి రక్తం.

పెద్దాసుపత్రిలో నర్సమ్మ రక్తం తీసి ఒక గాజు గొట్టంలో పోసి కిటికీ గూట్లో కదలకుండా నిలబెట్టింది. గోడ గడియారం చూసుకుంది. ఇరవై నిమిషాలయ్యాక గొట్టాన్ని మెల్లగా వంచింది. మామూలుగా అయితే రక్తం జున్నులా గడ్డకట్టి కదలదు. నాది రేవులో నీళ్ళలా జారింది. ఆవిడ మాట్లాడకుండా డాక్టరు గదివైపు పరిగెత్తింది. ఆ తర్వాత సీసా మీద సీసా విషం విరుగుడు మందు ఎక్కించారు. రక్తం గడ్డకట్టడం మొదలైంది గానీ ఆలస్యమైన మూడు గంటలూ మూత్రపిండాలు లెక్కగట్టి వసూలు చేసుకున్నాయి. మూత్రం ముందు టీ రంగుకి మారి, తర్వాత ఆగిపోయింది. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. తువ్వాలు బిగించిన చోట చర్మం చచ్చి ఊడిపోయింది. పంచె దించుకునేది ఆ మచ్చ కనబడకుండా.

ఆ పసరు మనిషి చేతిలో బతికినవాళ్ళు ఊళ్ళో బోలెడు మంది. అదెలాగని డాక్టరుని అడిగాను. "వాళ్ళలో సగం మందిని కరిచింది విషం లేని పాము అయ్యుంటుంది. విషప్పాము కూడా ఒక్కోసారి కాటేసినా విషం దించదు" అన్నాడు. ఆ పేరంతా పసరు కొట్టేసింది.

అందుకని, అలాంటిది జరగకూడదు గానీ, జరిగితే ఇలా చెయ్యి. పాముని వదిలెయ్. చంపి పట్టుకెళ్ళక్కర్లేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిందే. చెన్నై దగ్గర ఇరుళ తెగవాళ్ళు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. ఇంకో మాట, పాముని చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. కరిచిన చోట కొయ్యొద్దు, పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు, గుడ్డ బిగించొద్దు. ఉంగరం, గడియారం, బూటు వెంటనే తీసెయ్, వాచాక రావు. కాలు విరిగినవాడికి కట్టినట్టు బద్ద పెట్టి వదులుగా కట్టి, కదలనివ్వకుండా మోసుకెళ్ళండి. బైకు ఒక్కటే ఉంటే ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టండి. ఎన్నింటికి కరిచింది, తర్వాత ఏమేం కనిపించింది, రెప్పలు వాలాయా, రక్తం కారిందా, ఇవి డాక్టరుకి చెప్పాలి. ఏమీ కాలేదని ఇంటికి రావొద్దు, ఒక రోజంతా ఆసుపత్రిలో ఉండాల్సిందే.

లంకలో ఇంకో చిక్కుంది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ రేవు అవతలే ఆగిపోతుంది. పడవ మనిషి చీకటి పడితే ఇంటికెళ్ళిపోతాడు. కాబట్టి వచ్చిన రోజే అతని నంబరు రాసుకో, సాయంత్రం దాకా ఉంటామని చెప్పి పెట్టు. ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మందు నిల్వ ఉందో నేను ముందే కనుక్కుని ఉంచుతాను. ఫోన్లో పాటలు వింటూ చార్జింగ్ అవగొట్టకండి.

రాత్రికి ఇసుకలోనే టెంటు వేసుకుని పడుకుంటామన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్ళ పక్కలోకి వచ్చేది అదే. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల పట్టీలు. కాటు చీమ కుట్టినంత కూడా ఉండదు, చాలామందికి మెలకువే రాదు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేస్తారు, గ్యాస్ అనుకుని సోడా తాగుతారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని లెక్క తేల్చారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లోని మనలాంటివాళ్ళే. మా ఇంట్లో మంచాలున్నాయి, దోమతెరలున్నాయి. తెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి.

యానాం కిందికి, కోరింగ మడ అడవుల వైపు వెళ్తే ఇంకో రకం ఎదురవుతుంది. సముద్రపు పాములు ఆటుతో పోటుతో పాయల్లోకి వస్తాయి. తోక తెడ్డులా అణిగి ఉంటే అదే. వాటికి మన మందు పనిచేయదు. వలలో పడ్డవాటిని జాలరులు ఒట్టి చేత్తో తీసి విసిరేస్తుంటారు. అది చూసి నువ్వు సరదా పడకు.

గమ్ బూట్లు తెచ్చుకో, పిక్కల దాకా ఉన్నవి. షార్టులు హైదరాబాదులో వదిలెయ్. తలకి పెట్టుకునే లైటు మనిషికొకటి, చీకటి పడక ముందే వెలిగించాలి. మాను అడ్డొస్తే ముందు దాని మీదకెక్కి అవతల చూసి దిగు, ఎత్తిన కాలు గుడ్డిగా వెయ్యకు. కూర్చునే చోట గడ్డి కర్రతో తట్టి, నాలుగడుగుల మేర చదును చేసుకో. చేపల సంచిలో చేయి పెట్టే ముందు బోర్లించి చూడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తూ, తెలియక తొక్కితే పగవాడనుకోకు నాగన్నా అని మీ అత్త మొక్కుతుంది. మొక్కనీ. నువ్వు మాత్రం తెలిసి తొక్కకుండా చూసుకో.

ఎర్రల కోసం మీరు పెంటకుప్ప జోలికి వెళ్ళొద్దు. ముందు రోజు పొద్దున నేనే పలుగుతో తవ్వి, తడి మట్టి వేసి కుండలో పెట్టి ఉంచుతాను. తవుడు, వేరుశనగ చెక్క కూడా సిద్ధంగా ఉంటాయి. ఏ బస్సుకి వస్తున్నారో మీ అత్తకి ఫోన్ చేసి చెప్పు, ఎంతమందికి వండాలో ఆవిడ అడుగుతోంది.

మీ మావయ్య