పాలిచ్చే తల్లికి గర్భనిరోధక మాత్ర: ప్యాకెట్ అయ్యాక ఏడు రోజులు ఆపాలా?

ప్రశ్న: నా వయసు 27. మూడు నెలల పాప ఉంది, సిజేరియన్ అయింది. పాలు ఇస్తున్నాను, రాత్రిపూట ఒక్కసారి డబ్బా పాలు పడతాం. వెంటనే మళ్లీ గర్భం రాకుండా మా డాక్టరమ్మ డెసోజెస్ట్రెల్ మాత్రలు రాశారు. రోజూ రాత్రి 9 గంటలకు వేసుకుంటున్నాను. రెండో వారం నుంచి మధ్యమధ్యలో మరకలు కనిపిస్తున్నాయి. పోయిన శుక్రవారం రాత్రి మర్చిపోయి, శనివారం పొద్దున 11 గంటలకు వేసుకున్నాను. ఆదివారం రాత్రి కలిశాం. గర్భం వచ్చే ప్రమాదం ఉందా? ప్యాకెట్ ఇంకో మూడు రోజుల్లో అయిపోతుంది. మా ఆడపడుచు 21 మాత్రలు వాడి ఏడు రోజులు ఆపేది, నేనూ అలాగే ఆపాలా? ఈ మాత్రలతో పాలు ఎండిపోతాయని, చెడు రక్తం లోపలే ఉండిపోతుందని, ముందుముందు పిల్లలు పుట్టరని మా అత్తగారు అంటున్నారు. భయంగా ఉంది. - ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

జవాబు: అన్నిటికన్నా తొందరగా తేలాల్సింది ప్యాకెట్ సంగతి. ఆపకండమ్మా. 28వ మాత్ర వేసుకున్న మర్నాడే, అదే 9 గంటలకు, కొత్త ప్యాకెట్‌లో మొదటి మాత్ర వేసుకోండి. నెలసరి వచ్చినా, రాకపోయినా, మరకలు కనిపిస్తున్నా సరే. కొత్త ప్యాకెట్ ఇవాళే తెప్పించి పెట్టుకోండి. చివరి మాత్ర అయ్యాక మెడికల్ షాపుకి పంపితే, అక్కడ స్టాక్ లేక రెండు రోజులు పోయిన సందర్భాలు చాలా చూశాను.

మీ ఆడపడుచు వాడినవి వేరే రకం. వాటిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అని రెండు హార్మోన్లు ఉంటాయి. 21 రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపడం ఆ మాత్రల పద్ధతిలోనే ఉంది. ఆపిన వారంలో కూడా రక్షణ కొనసాగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే మాలా-ఎన్‌లో ఆ ఏడు రోజులకు ఐరన్ మాత్రలు పెడతారు. మీకు రాసినదాంట్లో ప్రొజెస్టిన్ ఒక్కటే ఉంటుంది. దీన్నే మినీ పిల్ అంటాం. మీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. వారాల పేర్లు, ఎటు నుంచి ఎటు వెళ్లాలో చెప్పే బాణం గుర్తులు ఉంటాయి. చిన్న చిన్న మాత్రలు 28, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఆ 28లో ఉత్తుత్తి మాత్ర ఒక్కటి కూడా లేదు. ప్రతి మాత్రలో 75 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఒక్కో మాత్ర ఆ ఒక్క రోజుకే కాపలా. ఏడు రోజులు ఆపితే కాపలా పూర్తిగా తీసేసినట్టే.

ఇది లోపల ఏం చేస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఒక స్రావం ఊరుతుంది. అండం విడుదలయ్యే రోజుల్లో అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే తీగలా సాగుతుంది. వీర్యకణాలు లోపలికి ఈదుకుంటూ వెళ్లే బాట అదే. ప్రొజెస్టిన్ పడగానే కొన్ని గంటల్లో ఆ స్రావం చల్లారి గడ్డకట్టిన గంజిలా చిక్కబడి, దారి మూసుకుపోతుంది. అయితే ఈ పట్టు సుమారు ఒక రోజే ఉంటుంది. లీవోనార్జెస్ట్రెల్, నోరెథిస్టిరోన్ ఉండే పాత రకం మినీ పిల్స్ ఎక్కువగా ఈ ఒక్క పని మీదే ఆధారపడతాయి. అందుకే వాటిని మూడు గంటలు ఆలస్యంగా వేసుకున్నా మాత్ర తప్పినట్టే లెక్క. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు కొందరు ఓపిల్ గురించి అడుగుతుంటారు. 2023లో అక్కడ డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చిన మాత్ర అది. దానిలో నార్జెస్ట్రెల్ ఉంటుంది. దానికీ ఈ మూడు గంటల నియమమే వర్తిస్తుంది.

మీ డెసోజెస్ట్రెల్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. స్రావాన్ని చిక్కబరచడంతో పాటు వందలో 97 నెలల్లో అండాన్నే విడుదల కానివ్వదు. రెండు తాళాలు ఉన్నాయి కాబట్టి 12 గంటల వెసులుబాటు దొరికింది. గర్భాశయం లోపలి పొర కూడా పలచబడుతుంది. మీకు కనిపిస్తున్న మరకలకు మూలం ఈ పలచబడిన పొరే.

ఇప్పుడు మీ శుక్రవారం లెక్క చూద్దాం. 9 గంటలకు వేసుకోవాల్సింది శనివారం పొద్దున 9 లోపు వేసుకుని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 11కి వేసుకున్నారు, అంటే గడువు దాటి రెండు గంటలు. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవడం మంచి పని. ఆ రాత్రి 9కి మామూలు మాత్ర కూడా వేసుకున్నారనే అనుకుంటున్నాను. ఒకే రోజు రెండు పడ్డాయని భయం అక్కర్లేదు. రెండు మూడు మాత్రలు తప్పినా పోయినవన్నీ లెక్కగట్టి మింగకూడదు. ఒక్కటి వెంటనే వేసుకుని, మిగతావి మామూలు వేళకే కొనసాగించాలి. తప్పిన తర్వాత చిక్కటి స్రావం మళ్లీ కుదురుకోవడానికి రెండు రోజులు, అండాన్ని ఆపే పని గట్టిపడటానికి వారం పడుతుంది. ప్యాకెట్‌లోని కాగితం ఏడు రోజులు కండోమ్ వాడమంటుంది. బ్రిటన్ వైద్యులు రెండు రోజులు చాలంటారు. నేను మాత్రం ఏడు రోజులే చెబుతాను. మూడు నెలల పాపను చంకనేసుకుని, మానుతున్న కుట్లతో మళ్లీ గర్భం మోయడం ఎంత కష్టమో ఎందరినో చూశాను కాబట్టి.

మీరు కలిసింది ఆదివారం రాత్రి, అంటే తప్పిన మాత్ర వేసుకుని రెండు రోజులు కూడా నిండలేదు. కాబట్టి గర్భం వచ్చే అవకాశం చిన్నదే కానీ అసలు లేదని చెప్పలేను. ‘పాలిస్తున్నాను కదా’ అన్న ధీమా కూడా మీకు పూర్తిగా కుదరదు. తల్లిపాలే గర్భాన్ని ఆపుతాయన్న మాట నిజమే, వందలో 98 మందికి పనిచేస్తుంది. కానీ బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలే పట్టాలి, కాన్పయిన రెండు నెలల తర్వాత రక్తం కనిపించి ఉండకూడదు. మీరు రాత్రి డబ్బా పాలు పడుతున్నారు, మరకలూ చూస్తున్నారు.

ఆ ఆదివారం నుంచి లెక్కేసి 21 రోజులు నిండాక పొద్దున్నే మూత్ర పరీక్ష చేసుకోండి. అంతకుముందు చేస్తే లేదని వచ్చినా నమ్మడానికి లేదు. అప్పటిదాకా మాత్రలు ఆపకండి. ఒకవేళ గర్భం ఉన్నా ఈ మాత్రల వల్ల బిడ్డకు అవకరం వస్తుందనడానికి ఆధారం లేదు. మరోసారి ఇలా జరిగితే మాత్రం 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, లీవోనార్జెస్ట్రెల్ అత్యవసర మాత్ర వేసుకోవచ్చు. పాలిచ్చేవారికీ పనికొస్తుంది. కానీ దాన్ని అలవాటు చేసుకోకండి. ఆ ఒక్క మాత్రలో ఉన్న మందు, పాత రకం లీవోనార్జెస్ట్రెల్ మినీ పిల్స్ 50 కలిపితే ఉండేంత. రోజూ మాత్ర సరిగ్గా పడితే దాని అవసరమే రాదు.

సరిగ్గా పడటం అంటే గడియారం. నా దగ్గరికి వచ్చే ఒకామె రాత్రి టీవీ సీరియల్ అయిపోగానే మాత్ర వేసుకునేది. బాగానే గుర్తుంటోందని చెప్పింది. ప్యాకెట్ తెమ్మని చూస్తే, ఆదివారం గళ్లు మూడింటిలో మాత్ర అలాగే ఉంది. ఆదివారం సీరియల్ రాదు మరి! అప్పటి నుంచి సెలవు లేని పనికి మాత్రను ముడిపెట్టమని అందరికీ చెబుతున్నాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి 9 అంటే బిడ్డ ఏడుపు, పక్క సర్దడం, ఎంగిలి గిన్నెలు. పొద్దున పళ్లు తోముకున్నాక వేసుకుంటే మీకు సులువేమో ఆలోచించండి. వేళ మార్చాలంటే ముందుకు జరపండి, అంటే రాత్రి మాత్ర వేసుకున్నాక మర్నాడు పొద్దున్నే తర్వాతిది వేసుకోవాలి. ఎడం పెంచకూడదు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, అదే అలారం మీవారి ఫోన్‌లోనూ పెట్టించండి. వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతి అయితే మాత్ర పడనట్టే, ఇంకోటి వేసుకోవాలి.

మరకల గురించి నేను ఎక్కువగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ మాత్ర మానేసేవాళ్లలో ఎక్కువమంది మానేది దీనివల్లే. మాత్ర రాసేటప్పుడు మేం ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ముందే చెబితే చాలామంది భయపడరు. మొదటి మూడు నాలుగు నెలలు రక్తం తన ఇష్టం వచ్చినట్టు కనిపిస్తుంది. కొందరికి వారానికోసారి గోధుమరంగు మరక, కొందరికి పది రోజులు బొట్లు బొట్లుగా. తర్వాత కొందరికి నెలసరి మామూలుగా వస్తుంది, కొందరికి ఎప్పుడో ఒకసారి, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి అసలు రాకపోవడమో, బాగా అరుదుగా రావడమో జరుగుతుంది. వీటిలో ఏదీ జబ్బు కాదు.

‘రాకపోతే చెడు రక్తం లోపలే ఉండిపోతుంది’ అనే భయం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. నెలసరి రక్తం చెడు రక్తం కాదమ్మా. గర్భం నిలుస్తుందేమోనని గర్భాశయం ప్రతి నెలా ఒక మెత్తటి పొర పరుస్తుంది. నిలవకపోతే దాన్ని వదిలేస్తుంది, రక్తంగా వచ్చేది అదే. ఈ మాత్ర వాడినప్పుడు పొర పెరగనే పెరగదు. పరచని పరుపును దులిపేదేముంది? లోపల పేరుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పైగా రక్తహీనత ఉన్నవాళ్లకు నెలనెలా రక్తం పోకపోవడం మేలే. ప్యాడ్ తడిసిపోయేంత ఎక్కువగా పోయినా, కలిసినప్పుడు రక్తం కనిపించినా, మొదటి కొన్ని నెలలు దాటాక కొత్తగా మొదలైనా పరీక్ష చేయించుకోండి.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయలేను. ఆవిడ విన్నది రెండు హార్మోన్ల మాత్రల గురించి అయి ఉంటుంది. వాటిలోని ఈస్ట్రోజన్ పాలను తగ్గించవచ్చు. కాన్పయిన కొత్తలో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్నీ పెంచుతుంది. అందుకే పాలిచ్చే తల్లులకు మొదటి ఆరు వారాలు అవి అసలే ఇవ్వం, ఆరు నెలల దాకా వీలైనంతవరకు ఇవ్వం. మీ మాత్రలో ఈస్ట్రోజన్ లేదు. మందు పాలలోకి చాలా కొద్దిగా వెళ్తుంది, బిడ్డ ఎదుగుదలకు తేడా రాదు. పాప రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. ఆ బరువు కార్డు ఆవిడకు చూపించండి. పిల్లలు పుట్టరన్న భయమూ అక్కర్లేదు. డెసోజెస్ట్రెల్ ఆపాక సగటున 17 రోజుల్లో అండం మళ్లీ విడుదలైనట్టు పరీక్షల్లో తేలింది. మాత్ర ఒక్కటి తప్పితేనే ఇంత కంగారు పడుతున్నాం కదా, దీని ప్రభావం ఎంత తొందరగా పోతుందో మీకే తెలుస్తోంది. రెండో బిడ్డకు మాత్రం కాన్పు తర్వాత రెండేళ్లయినా ఆగండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాత్రలు కొత్తగా ఉండటంలో వింత లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది మహిళల్లో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు వందకు ఒక్కరు కూడా లేరు. ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్, అంతే. మధ్యలో ఎడం పాటించడానికి ఏముందో మన తల్లులకు చెప్పినవారు తక్కువ.

ఒక చిక్కు కూడా చెప్పాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ‘ఛాయ’ మాత్ర ఇది కాదు. ఛాయలో హార్మోన్ ఉండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకోవాలి. దాని పద్ధతి దీనికి, దీని పద్ధతి దానికి పెట్టుకుంటే గర్భం వస్తుంది. రోజూ గుర్తుపెట్టుకోవడం మీకు నిజంగా కష్టమైతే ఛాయ అడగండి, లేదా కాపర్-టి వేయించుకోండి. మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా ఉంది. కాకపోతే దాన్ని ఆపాక గర్భం రావడానికి నెలలు పడుతుంది.

ఈ మాత్ర సరిపడని వాళ్లు కొద్దిమందే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు వాడకూడదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్ లేదా కార్బమజెపైన్ వాడుతుంటే ఆ మందులు దీన్ని పనిచేయనివ్వవు. అవి ఆపిన నాలుగు వారాల దాకా కూడా అంతే. మీరు ఇలాంటివేమైనా వాడుతుంటే మీ డాక్టరమ్మకు ఈ వారమే చెప్పండి. జలుబుకో, కుట్లకో రాసే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో ఇబ్బంది లేదు.

పొత్తికడుపులో ఒక పక్కనే గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే, పరీక్షలో గర్భం అని వచ్చినా రాకపోయినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఈ మాత్రలు వాడుతుండగా గర్భం వస్తే, అరుదుగా అది గర్భాశయంలో కాకుండా అండం వచ్చే ట్యూబులో ఉండవచ్చు. లేదంటే 21వ రోజు పరీక్ష చేసుకుని, ఏమొచ్చినా, మాత్రల ప్యాకెట్ చేత్తో పట్టుకుని మీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. ఏ రోజు తప్పిందో, ఏ రోజుల్లో మరకలు కనిపించాయో ఆ ప్యాకెట్ అట్ట మీదే పెన్నుతో రాసి ఉంచండి.