జిరాక్స్ షాపు దగ్గర మొదలుపెట్టండి

మిత్రులకు నమస్కారం.

అబ్దుల్ కలాం గారు మరణించిన రోజుల గురించి మీరు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మీ భాష శుభ్రంగా ఉంది. అయితే ఎనిమిది పేజీల వ్యాసంలో "శోకసంద్రం" అన్న మాట నాలుగు చోట్ల వచ్చింది. దేశం, రాష్ట్రం, మీ మండలం, చివరకు మీ పాఠశాల, అన్నీ అందులోనే మునిగాయి. నాకు కోపం వచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. మరునాడు మళ్లీ తీసి చదువుతుంటే ఆరో పేజీలో, ఒక పేరా నడుమ, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఆయన పిల్లలందరికీ కలాం గారి ఫొటో డబ్బు తీసుకోకుండా ప్రింటు తీసి ఇచ్చాడని, మిషన్‌లో ఎర్ర రంగు అయిపోయి ముఖం నీలంగా వచ్చినా అందరూ తీసుకున్నారని రాసిన ఒక్క వాక్యం కనబడింది. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే రాస్తున్నాను.

ఆ నీలం ముఖం నన్ను వదలడం లేదు. 2015 జూలై 27 సాయంత్రం షిల్లాంగ్ ఐఐఎంలో విద్యార్థుల ముందు మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన కుప్పకూలిపోయారు. మరునాడు ఉదయం బడి వేళకు, ఢిల్లీలో ఇంకా ప్రముఖుల వరుసలు మొదలుకాకముందే, ఎక్కడో మీ ఊళ్లో రూపాయి రూపాయి లెక్క చూసుకుని బతికే ఒక మనిషి, ఎవరూ చెప్పకుండానే, తన మిషన్ దగ్గర నిలబడి కాగితం మీద కాగితం తీస్తున్నాడు. మీరు ఆ వరుసలో ఉన్నారు. రంగు అయిపోయిందని తెలిసి కూడా ఆయన ఎందుకు ఆపలేదు? మీ చేతికి వచ్చిన కాగితం ఇంకా వెచ్చగా ఉందా? దాన్ని తరగతి గోడకు దేనితో అంటించారు? ఇవేవీ చెప్పకుండా మీరు "అశ్రునయనాలతో" అంటూ ముందుకు వెళ్లిపోయారు.

నాకొక పట్టుదల ఉంది, నలభై ఏళ్లుగా దాన్ని వదులుకోలేదు. జనం ఏడ్చారని రాసే రచయిత, కనీసం ఒక్క మనిషి దగ్గర కూర్చుని, ఎందుకు ఏడ్చావని అడిగి ఉండాలి. జూలై 30న రామేశ్వరంలో ఆయనను ఖననం చేసినప్పుడు లక్షల మంది వచ్చారు. వాళ్లందరి దుఃఖం ఒకటే అనుకుంటే మనం ఎవరినీ చూడలేదన్నమాట. హైదరాబాదులో క్షిపణులు తయారుచేసే డీఆర్‌డీఎల్ ప్రయోగశాలలో ఆయన పనిచేసే రోజుల్లో నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు వచ్చి, క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయనను తన ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ పోలియో పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప ఊతాలతో కాళ్లు ఈడ్చుకుంటున్నారు. మూడు వారాల్లో అదే పదార్థంతో 300 గ్రాముల ఊతాలు తయారయ్యాయని కలాం గారే స్వయంగా చెప్పుకున్నారు. ఆ ఊతం కట్టుకుని నడిచిన పిల్లవాడి తల్లి ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఉంటే, ఆమె దుఃఖానికి కొలత మూడు కిలోలకూ మూడు వందల గ్రాములకూ మధ్య ఉన్న తేడా. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఆయన బృందం తయారుచేసిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు లేచినప్పుడు చూసిన పల్లెకారుల దుఃఖం వేరు. ఉత్తరం రాసి జవాబు అందుకున్న విద్యార్థి దుఃఖం వేరు. మీ జిరాక్స్ షాపు ఆయనది ఏదో నాకు తెలియాలి.

ఆ వారం దేశమంతా చేతులు మారిన రాతల్లో ఏది జనం మనసులో నిలిచిందో గుర్తు తెచ్చుకోండి. చివరి ప్రయాణంలో వెంట ఉన్న సృజన్ పాల్ సింగ్ రాసిన జ్ఞాపకం అది. గువాహటి నుంచి షిల్లాంగ్ వెళ్లే దారిలో ముందు జీపులో ఒక జవాను తుపాకి పట్టుకుని దారి పొడవునా నిలబడే ఉన్నాడని, కలాం గారు అతన్ని కూర్చోమని చెప్పించడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించారని, దిగాక పిలిపించుకుని చేయి కలిపి, అలసిపోయావా, ఏమైనా తింటావా అని అడిగారని అందులో ఉంది. మీ కోసం ఆరు గంటలైనా నిలబడతానన్నాడు ఆ జవాను. విశేషణం ఒక్కటీ లేని ఆ సంగతిని చదివినవాళ్లు తమ ఇంటివాళ్లకు చదివి వినిపించారు. నేనూ వినిపించాను.

ఇక్కడ నా పాత గాయం ఒకటి చెప్పక తప్పదు. అమెరికాలో మందుల మీద పరిశోధన చేసిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో పోయినప్పుడు ఆయన పుట్టిన గడ్డ మీద దాదాపు చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం కూడా జనస్పందనే, దాన్నీ రాయాలి. 1995లో ఆయన శతజయంతికి నేనొక వ్యాసం రాశాను. మాది గోదావరి ప్రాంతం, మా అమ్మకు బోదకాలు. క్రిమి పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కనుక ఆరోగ్యశాఖ వాళ్లు రాత్రి తొమ్మిది దాటాక టార్చిలైటుతో వచ్చి, నిద్రపోతున్న మమ్మల్ని లేపి, వేలు గుచ్చి గాజు పలకల మీద రక్తం తీసుకునేవారు. తరువాత ఇచ్చే తెల్ల మాత్ర సుబ్బారావు గారు నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు. అమ్మ ఆ మాత్రలు ఎన్నేళ్లు మింగినా ఆయన పేరు ఆమె చెవిన పడలేదు. నా వ్యాసం అమ్మ కాలితో మొదలైంది. ఒక వారపత్రిక సంపాదకుడు, "శాస్త్రవేత్త మీద వ్యాసంలో మీ అమ్మగారి కాలు ఎందుకండీ?" అని ఆ రెండు పేజీలు కొట్టేసి, పైన "తెలుగు తేజం" అని శీర్షిక పెట్టి అచ్చువేశాడు. ముప్పై ఏళ్లయినా ఆ శీర్షికను నేను క్షమించలేదు. తేజం, కీర్తికిరీటం, మరో నక్షత్రం రాలిపోయింది, ఇటువంటి మాటలు ఎవరు పోయినా అచ్చుకు సిద్ధంగా ఉంటాయి, కలాం గారి చావుకూ అవే వాడారు. మీ తరమైనా వాటిని ముట్టుకోకూడదని నా కోరిక.

కలాం గారి సూక్తులుగా మీరు ఉదహరించిన ఐదింటిలో ఎక్కడ, ఎప్పుడు అన్నారో చూపించగలిగినవి మాత్రమే ఉంచండి. ఆయన అణ్వస్త్రాల పనిని ఒప్పుకోనివాళ్లు ఆ వారం కూడా ఉన్నారు. వాళ్లను మీరు వ్యాసంలోంచి పూర్తిగా తీసేశారు. ఆయన పట్ల గౌరవం ఉన్నవారు భయపడవలసిన సంగతి కాదది. ఆయన ఖననం జరిగిన జూలై 30 ఉదయమే నాగపూర్‌లో 1993 ముంబయి పేలుళ్ల కేసు దోషి యాకూబ్ మెమన్‌ను ఉరితీశారు. అదే నెలలో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్‌కు కలాం గారు మరణశిక్ష రద్దు కావాలని అభిప్రాయం తెలిపిన వార్త వచ్చింది. ఆ ఉదయం టీ కొట్ల దగ్గర జనం ఈ రెండు మరణాల గురించి ఏం మాట్లాడుకున్నారో మీ వ్యాసంలో ఒక్క అక్షరం లేదు.

పోటీకి పంపాలా, పుస్తకంగా వేయాలా అన్నవి ఇప్పుడు మాట్లాడవలసిన విషయాలు కావు. ముందు మీ ఊరు వెళ్లండి. ఆ షాపు ఉంటే వెళ్లి కూర్చోండి, లేకపోతే ఆయన ఇల్లు కనుక్కోండి. ఆ ఉదయం ఎన్ని కాగితాలు అయ్యాయో, మొదట ఎవరు అడిగారో, ఎందుకు డబ్బు వద్దన్నాడో అడిగి, ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆనాటి నీలం కాగితం మీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే, ఒకసారి చూపించడానికి పట్టుకురండి.

ఆశీస్సులతో.